పసుప్పచ్చ గీత

గుడివాడ దాటేదాకా బండి బాగానే నడిచింది. కంకిపాడు దగ్గరపడేసరికి జబ్బు బయటపడింది. బాబాయ్ యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు, ఇంజను గొంతు పెంచుతోంది, మీటరులో ముల్లు 3000 దాటుతోంది, బండి మాత్రం ముందు పోతున్న ఆటోని కూడా దాటలేకపోతోంది. కాలు తీసి మళ్ళీ మెల్లగా తొక్కితే లోపలెక్కడో ఏదో పట్టు దొరికినట్టయి, ఒక్క కుదుపు కుదిపి ముందుకు దూకుతోంది.

"పొద్దున్నే తీస్తే ఏ గొడవా ఉండదురా. వేడెక్కిందంటే ఇదీ వరస," అన్నాడు బాబాయ్.

బాబాయ్‌ది బంటుమిల్లి వైపు. వనామీ రొయ్యల చెరువులున్నాయి. వానాకాలంలో చెరువు గట్ల మీద నల్లరేగడి ఎలా ఉంటుందో ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మామూలు కారు దిగబడితే ట్రాక్టరు పెట్టి లాగాల్సిందే. అర్ధరాత్రి ఏరియేటర్లు ఆగిపోయాయని కబురొస్తే నాలుగు చక్రాలూ లాగే బండి లేనివాడు గట్టు మీదే చిక్కుకుపోతాడు, లోపల ఊపిరాడక రొయ్య చచ్చిపోతుంది. అరవై దాటిన మోకాళ్ళకి క్లచ్చు తొక్కే బాధ కూడా ఉండకూడదని ఆటోమేటిక్ కావాలన్నాడు. అల్లుడు విజయవాడలో వెతికి, 2024 కార్తీకంలో ఈ సెకండ్ హ్యాండ్ బండి చూసిపెట్టాడు. 15 లక్షలు. బాబాయ్ బండిని చూడకుండానే అల్లుడి ఖాతాలో డబ్బు వేశాడు.

"చూడకుండానే ఎలా వేశావ్ బాబాయ్?" అని అడిగాను.

"అల్లుడుగారి మాట మీదరా. వరదకి ఆయన షాపు మునిగిపోతే 7 లక్షలు చేబదులిచ్చాను. నోటు కూడా రాయించుకోలేదు. సంక్రాంతి పండక్కి వస్తూ వస్తూ మొత్తం తెచ్చి చేతిలో పెట్టాడు. వడ్డీ కూడా ఇవ్వబోతే నేనే కోప్పడ్డాను. ఈ రోజుల్లో సొంత కొడుకులు చేస్తారా ఆ పని?"

నిజమే. అలాంటి మనిషి మాట నమ్మకపోతే ఇంకెవరిని నమ్మాలి?

గుడివాడలో ఒకాయన బాక్సు పోయిందన్నాడట, ఢిల్లీ నుంచి పాతది తెప్పించి వేస్తానన్నాడట. ఇంకొకాయన ఏదో డబ్బా మందు పోసి పంపాడట. అందుకే ఆటోనగర్ తీసుకెళ్దామన్నాను. 1960లలో బందరు రోడ్డుకీ హైవేకీ మధ్య వెలిసిన ఆ పేటలో లారీ బాడీలు కట్టేవాళ్ళు, కమానుకట్టలు పట్టేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, ఎలక్ట్రీషియన్లు ఎవరి వీధి వాళ్ళకుంది. ఆటోమేటిక్ బాక్సు విప్పి మళ్ళీ నమ్మకంగా బిగించగల చేతులు మాత్రం అక్కడా తక్కువే. నాకు తెలిసిన మేస్త్రి ఒకాయన చిన్నప్పుడు లారీల కింద పడుకుని పని నేర్చుకుని, తర్వాత మస్కట్ వెళ్ళి ఏళ్ళ తరబడి ఎడారి బండ్ల బాక్సులు విప్పి వచ్చిన మనిషి. ఆయన షెడ్డులో పాటలుండవు, కేకలుండవు. బిగించిన ప్రతి బోల్టు మీదా బ్రష్షుతో సన్నగా రంగు గీత గీస్తాడు. గీత పక్కకి జరిగితే బోల్టు వదులైనట్టు లెక్క. గీత లేకపోతే బిగించడం మరిచిపోయినట్టు.

మేస్త్రి వెంటనే బానెట్ ఎత్తలేదు. ముందు స్టూలు వేసి బాబాయ్‌ని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"రివర్స్‌లో జారుతోందాండీ?"

"లేదు."

"ఆగి కదిలేటప్పుడు?"

"లేదు. స్పీడు అందుకునేటప్పుడే."

"ఫోర్ లో వేసి చెరువు గట్టు ఎక్కించినప్పుడు?"

బాబాయ్ ఆలోచించాడు. "ఎక్కుతుంది. నెమ్మదిగా అయితే ఎక్కుతుంది."

ఆ నాలుగు ముక్కల్లోనే సగం తేలిపోయిందని నాకు తర్వాత అర్థమైంది. ఫోర్ వీల్ బండిలో గేరుబాక్సు వెనకాల ట్రాన్స్‌ఫర్ కేసుంటుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచేది అదే. దాని లోపలి గొలుసు సాగి పళ్ళు దాటుతున్నా మనిషికి బండి జారినట్టే అనిపిస్తుంది. కానీ గొలుసు దాటితే దబ్ దబ్‌మని చప్పుడొస్తుంది, అదీ బరువు ఎక్కువ పడినప్పుడే వస్తుంది. ఇక్కడ చప్పుడు లేదు, పెద్ద బరువున్న చోట జారుడూ లేదు. ట్రాన్స్‌ఫర్‌ది తప్పు కాదు.

తర్వాత ఆయిలు చూశాడు. ఈ బాక్సుకి గేజీ పుల్ల ఉండదు. బండిని ర్యాంపు మీద సమంగా నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా, ఆయిలు వేడి 40 డిగ్రీల దగ్గరున్నప్పుడు కింద లెవెల్ బోల్టు విప్పాలి. సన్నగా ధార కట్టి ఆగితే సరిపోయినట్టు. చల్లగా ఉన్నప్పుడు చూసినా తప్పే, మరీ కాగినప్పుడు చూసినా తప్పే. జారుతోందని వచ్చే బండ్లలో కొన్నింటికి ఈ లెవెల్ సరిచేస్తే చాలునట. మన బండికి లెవెల్ సరిగ్గానే ఉంది. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు మాత్రం ముదురు గోధుమ రంగులో ఉంది. మేస్త్రి రెండు వేళ్ళ మధ్య రాసి వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టాడు. మాడు వాసన.

లైటు పట్టుకుని పక్కనే ఉన్న డ్రెయిన్ బోల్టుని గుడ్డతో తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగాడు. బోల్టు తల మీదుగా ఛాంబర్ మీదికి సన్నటి పసుప్పచ్చ గీత ఒకటి కనిపించింది. ఏమనలేదు. బండి నంబరు ప్లేటు వైపొకసారి చూసి, "రోడ్డు మీదికి తీద్దాం," అన్నాడు.

కుర్రాడు స్కానర్ తగిలించాడు. హైవే మీద వేడెక్కేదాకా తిప్పారు. ఆ బాక్సులో నాలుగో గేరు నేరు గేరు, లోపలికి ఎన్ని చుట్లు వెళితే బయటికి అన్నే రావాలి. కన్వర్టర్ తర్వాతి సెన్సారు 2400 చూపిస్తోంది, బయటి సెన్సారు 1900 చూపిస్తోంది. మిగతా 500 చుట్లూ బావి గిలక మీద తడితాడు జారినట్టు లోపలే జారిపోతున్నాయి. ఆ రాపిడికే మాడు వాసన.

షెడ్డుకొచ్చాక కాలి బ్రేకు, చేతి బ్రేకు రెండూ పట్టి, చక్రాలకి చెక్కలు పెట్టి, డ్రైవ్‌లో పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కించాడు. స్టాల్ టెస్టు అంటారు దాన్ని. 5 సెకన్లు మించకూడదు, మించితే ఆ పరీక్షే బాక్సుని కాలుస్తుంది. ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. రివర్స్‌లోనూ అంతే. అంటే కన్వర్టర్, మొదటి గేరు ప్లేట్లు, రివర్స్ ప్లేట్లు బాగున్నాయి. ప్రెషర్ గేజీ పెట్టి చూస్తే పంపు ప్రెషర్ కూడా బాగుంది. మిగిలింది పై గేర్లని పట్టే ప్లేట్ల కట్ట ఒక్కటే.

"బాక్సు దించాలండీ," అన్నాడు మేస్త్రి.

అప్పుడే అల్లుడు ఫోన్ చేశాడు. స్పీకరులో వినబడుతోంది. "విప్పించకండి మామయ్యగారూ. ఆయిలు మార్పించండి చాలు. ఒకసారి విప్పితే మునుపటిలా ఉండదు. పనికి రాదనుకుంటే ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేద్దాం." సగం మంది ఓనర్లకి ఉండే భయమే అది, ఊరికే పుట్టింది కూడా కాదు. దుమ్ములో బాక్సు విప్పి, అంచనాతో బిగించి పంపేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. బాబాయ్ నా మొహం చూశాడు. నేను మేస్త్రి చేతుల్ని చూసి, విప్పమన్నాను.

మర్నాడు వెళ్ళేసరికి బాక్సు బల్ల మీదుంది. మేస్త్రి ఏదీ తుడవకుండా మా కోసం అలాగే ఉంచాడు. దాచేదేమీ లేని పనివాడికే అది చేతనవుతుంది. ఛాంబర్ అడుగున అయస్కాంతాల మీద ఇనపరజను ఉండటం మామూలేనట. ఇక్కడ రజనుతో పాటు తుప్పు ఉంది. ఛాంబర్ మూలల్లో బూడిదరంగు సన్నని ఒండ్రు మరక కట్టింది. ప్లేట్ల కట్ట విప్పాడు. ఇనప రేకుకి రెండు వైపులా కాగితం లాంటి పదార్థం జిగురుతో అతికించి ఉంటుంది, పట్టు దానిదే. సగం ప్లేట్ల మీద అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. మధ్యనున్న నున్నటి ఇనప ప్లేట్ల మీద తుప్పు చుక్కలు.

"ఇది అరిగింది కాదండీ, ఊడింది," అన్నాడు. "అరిగితే అంతా సమంగా అరుగుతుంది. ఊడాలంటే నీళ్ళు తగలాలి. ఈ కాగితం నీళ్ళు పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, జిగురు వదిలేస్తుంది. వెంటనే తెలియదు. నెలలు నడుస్తుంది, ఒకరోజు జారడం మొదలవుతుంది."

"నేనెప్పుడూ చెరువులోకి దింపలేదు మేస్త్రీ!"

"మీరు దింపారని నేననలేదు." రేడియేటర్ లోపలి కూలర్ పగిలినా ఆయిల్లో నీళ్ళు కలుస్తాయి కనక దానికి గాలి పట్టించి చూశానన్నాడు. ఎక్కడా కారడం లేదట. మరి నీళ్ళెలా పోతాయి? ఆయిలు వేడెక్కితే వ్యాకోచిస్తుంది, దానికి ఊపిరి వదలడానికి బాక్సు పైన చిన్న గొట్టం పెడతారు. బండి ఆ గొట్టం మునిగేదాకా నీళ్ళలో నిలబడితే, గాలి పోవాల్సిన దారిలో నీళ్ళు దిగుతాయి. మేస్త్రి ఆ గొట్టం ఊడదీసి తెల్లకాగితం మీద తట్టాడు. బూడిదరంగు పొడి రాలింది.

తర్వాత బండి దగ్గరికెళ్ళి డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని లాగాడు. మనం పెట్టుకునేటంత కాదు, చుట్ట మొత్తం విప్పుకుని ఇక రానని మొరాయించేదాకా లాగాడు. పైన నల్లగా మెరుస్తున్న బెల్టు చివరి మూరెడు మట్టిరంగులో ఉంది. సీట్లు కడగొచ్చు, కవర్లు మార్చొచ్చు, అత్తరు కొట్టొచ్చు. బెల్టు చివరిదాకా లాగి కడిగేవాడు ఉండడు.

"బుడమేరు," అన్నాను నేను.

విజయవాడలో ఆ పేరు చెబితే ఇంకేం చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకి బుడమేరు పొంగింది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాన్ని మళ్ళించి కృష్ణలో కలపడానికి ఒక కాలువ ఉంది. కృష్ణ తగ్గి ఉన్న రోజుల్లో అది పనిచేస్తుంది. ఆ రోజుల్లో కృష్ణ తగ్గి లేదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, 2009 నాటి వరదని మించిపోయింది. నది తీసుకోనన్న నీళ్ళు కాలువ గట్టుని మూడు చోట్ల తెంచుకుని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీల మీద పడ్డాయి. సైన్యం వచ్చి సాయం పడితే సెప్టెంబరు 7కి గండ్లు పూడాయి. అన్ని రోజులూ బండ్లు ఇళ్ళ ముందే మునిగి ఉన్నాయి. తర్వాత ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగాయి. బండ్లని కడగడం మాత్రం ఆటోనగర్ నెత్తిన పడింది. క్రేన్లకి వేలాడుతూ వరసగా వచ్చేవి. ఒక్కో కారు చుట్టూ ఒక్కో కుటుంబం, రెండు మూడు జతల బట్టలతో మిగిలిన మనుషులు. బండి బతుకుతుందా మేస్త్రీ అని వాళ్ళు అడిగే తీరు, ఆసుపత్రి వరండాలో డాక్టర్ని అడిగే తీరులా ఉండేదని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బాబాయ్‌కి ఈ లెక్కలేవీ చెవికెక్కడం లేదు. మొహం ఎర్రబడిపోయింది. "నాకంటగట్టిన వాడెవడు? ఆర్‌సీలో పాత ఓనరు పేరుందిగా, కన్స్యూమర్ కోర్టుకి ఈడుస్తాను. మునిగిన బండిని కడిగి అమ్ముకునేవాడు మనిషేనా?"

మేస్త్రి లోపలికెళ్ళి అట్ట చిరిగిన పుస్తకమొకటి తెచ్చాడు.

"ఈ బండి నాకు కొత్త కాదండీ. ఆ డ్రెయిన్ బోల్టు మీది పసుప్పచ్చ గీత నా చేతిదే. ఆ నెల్లో ఎన్ని బండ్లు వచ్చాయో, ఏది ఏదో గుర్తులేదు. నిన్న గీత చూశాక రాత్రి పుస్తకం తిరగేశాను."

"నువ్వా?" అంటూ లేచి నిలబడ్డాడు బాబాయ్. "నువ్వు కడిగిచ్చిన బండి జబ్బు మళ్ళీ నువ్వే కనిపెడుతున్నావా?"

మేస్త్రి మాట పెంచకుండా పేజీ చూపించాడు. 2024 సెప్టెంబరు. బండి నంబరు. కింద పెన్సిలు రాత: బాక్సులో నీళ్ళు. ఆయిలు పాలు కలిసిన ఎరుపు. ప్లేట్లు మార్చాలని చెప్పాను. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీదే, పార్టీ దగ్గర డబ్బు లేదు. ఆయిలు మాత్రం మార్చాను. అమ్మితే చెప్పి అమ్మమన్నాను. దాని పక్కన ఫోన్ నంబరు.

"ఆయిలు ఒకసారి దించితే సగం కూడా బయటికి రాదండీ, కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అది కూడా చెప్పాను ఆయనకి."

బాబాయ్ అక్కడికక్కడే ఆ నంబరుకి ఫోన్ కలిపాడు, స్పీకరులో పెట్టాడు. అవతల పెద్దాయన. రిటైరైన లెక్చరరట. బాబాయ్ పేరు చెప్పి, బండి నంబరు చెప్పి, ఊపిరి తీసుకోకుండా కడిగేశాడు. అవతలి మనిషి అన్నీ విన్నాడు.

"మీ కోపం న్యాయమైందేనండీ. కానీ నేను దాచలేదు. వరదలో మునిగిన బండి అని స్టాంపు కాగితం మీద రాసి, ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. మేస్త్రి చెప్పింది కూడా అందులో రాయించాను. అందుకే 8 లక్షలకిచ్చాను."

"8 లక్షలా?" అన్నాడు బాబాయ్.

"మునిగిన బండికి అంతకన్నా ఎవరిస్తారండీ? సింగ్ నగర్‌లో టీవీలు, ఫ్రిజ్‌ల షాపు కుర్రాడు తీసుకున్నాడు. పాపం, మాతో పాటే ఆయన షాపూ మునిగింది. బంటుమిల్లిలో మామగారి కోసమని చెప్పాడు. మీరే కదండీ? మీకన్నీ వివరంగా చెప్పమన్నాను. చెప్పానన్నాడు. చెరువు గట్ల మీద తిప్పుకోవడానికే కదా, పరవాలేదు అన్నారని కూడా చెప్పాడు."

బాబాయ్ ఇంకేం అడగలేదు. "సరేనండీ, ఏమీ అనుకోకండి," అని పెట్టేశాడు.

మేస్త్రి పుస్తకం మూసి, జరగాల్సిన పని చెప్పుకుంటూ పోయాడు. ప్లేట్లన్నీ కొత్తవి, సీళ్ళు, ఫిల్టరు, కన్వర్టర్ కోయించి లోపల కడిగించడం, కూలర్ గొట్టాలు తోయడం, ఊపిరి గొట్టాన్ని బానెట్ ఎత్తుదాకా పొడిగించి కట్టడం, చివర్లో స్కానర్‌తో బాక్సు కంప్యూటర్‌కి కొత్త ప్లేట్ల పట్టు నేర్పించడం. మొత్తం 1 లక్షా 80 వేలు. బాబాయ్ తలూపుతున్నాడే గాని వింటున్నాడో లేదో తెలియలేదు. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంటున్నాడు.

మళ్ళీ అల్లుడి ఫోన్. స్పీకరు ఇంకా తీయలేదు.

"ఏమన్నాడు మామయ్యగారూ? ఎంతవుతుందట? డబ్బు గురించి ఆలోచించకండి, కావాలంటే నేను సర్దుతాను."

"అక్కర్లేదు అల్లుడుగారూ," అన్నాడు బాబాయ్. "సంక్రాంతికి మీరు తీర్చిన 7 లక్షలూ బ్యాంకులో అలాగే ఉన్నాయి. కార్తీకంలో నేను మీకిచ్చిన డబ్బే కదా అది, అందులోంచే కట్టుకుంటాను."